ఒంటి మేజోడు నోరు విప్పింది!

ప్రతి ఇంట్లోనూ ఒంటి మేజోళ్లు కొన్ని పోగుపడి ఉంటాయి. జతలో ఒకటి బడిలోనో, దండెం మీంచి గాలికో పోతుంది. మిగిలినదాన్ని పారేయ బుద్ధి కాదు. తొడగడానికి పనికి రాదు. మా ఇంట్లో అలాంటి నల్ల మేజోడు ఒకటి కాకమ్మగా మారింది. నేను నెల రోజులు బతిమాలినా మా చిన్నది చెప్పని మాటను ఆ కాకమ్మ ఒక్క సాయంత్రంలో చెప్పించింది. పసిపిల్లలున్న అమ్మలకు పనికొస్తుందేమోనని ఆ సంగతి రాస్తున్నాను.

మాది పల్నాడు జిల్లా ఎడ్లపాడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే పెద్ద రోడ్డు మీద ఊరు. ఒక పక్క కొండవీటి కొండలు, మరో పక్క పత్తి, మిరప చేలు. పొద్దున ఎనిమిదయ్యేసరికి బడి ఆటోల హారన్లు మొదలవుతాయి. ఆ హారన్ వింటేనే మా చిన్నది మంచం కిందకి దూరేది.

"నేను బడికి పోను"

కిందటేడు జూన్‌లో దాన్ని బడిలో వేశాం. అప్పటికి అయిదేళ్లు. రెండు నెలలు ఎగురుకుంటూ వెళ్లింది. ఆ తర్వాత ఏమైందో తెలియదు. పొద్దున లేవగానే కడుపునొప్పి అనేది, ఆటో వెళ్లిపోగానే ఆ నొప్పి మాయమయ్యేది. పంపించిన నీళ్ల సీసా పంపించినట్లే సాయంత్రం నిండుగా తిరిగొచ్చేది.

మా అత్తయ్య దిష్టి తీశారు. మావారు "నీ గారాబమే" అన్నారు. నేను మొదట బుజ్జగించాను, తర్వాత చాక్లెట్ ఆశ చూపాను, చివరికి ఒక దెబ్బ కూడా వేశాను. "ఎవరన్నా కొట్టారా? టీచరు తిట్టిందా?" అని ఎన్ని విధాల అడిగినా తల దించుకునేదేగానీ నోరు విప్పేది కాదు. ఈలోగా ఒంటేలుకు వెళ్లినప్పుడు మంట అని ఏడవసాగింది. డాక్టరు గారికి చూపిస్తే మందులు రాసి, "నీళ్లు తాగటం లేదు, ఒంటేలు ఆపుకుంటోంది. ముందు ఆ అలవాటు మాన్పించండి" అన్నారు. ఎందుకు ఆపుకుంటోందో మాత్రం మాకెవరికీ అంతుపట్టలేదు.

కాకమ్మ పుట్టిన ఆదివారం

ఒక ఆదివారం కరెంటు పోయింది. టీవీ లేదు, ఫోన్లో చార్జింగు లేదు. తొమ్మిదేళ్ల మా పెద్దాడు విసిగిస్తుంటే బట్టల మూటలోంచి వాడి పాత నల్ల మేజోడు తీశాను. నా పనితనం చూపించుకోవాలని రెండు చొక్కా గుండీలు కళ్లుగా కుట్టి, ఎర్ర జాకెట్టు ముక్కతో నోరు పెట్టి, చక్కటి కాకిని తయారుచేశాను. చిన్నదాని ముందు ఆడించాను. అది ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది.

అత్తయ్య నవ్వి, "బొమ్మంతా నువ్వే చేసుకుంటే అది దానిదెట్టా అవుద్దమ్మాయ్! దాని చేతికియ్యి" అన్నారు. నిజమేననిపించింది. కుట్టిన గుండీలు విప్పేసి మేజోడు దాని ఒళ్లో పడేశాను. పక్కన నా స్టిక్కర్ బొట్టుబిళ్లల అట్ట పెట్టాను. ఒక పెద్ద బిళ్ల, ఒక చిన్న బిళ్ల అంటించింది. ఒక కన్ను నుదుటి మీద, ఇంకోటి చెంప మీద. "దీనికి మెల్లకన్ను" అంటూ నెల రోజుల తర్వాత కిలకిలా నవ్వింది. అదే కాకమ్మ. ఆ రాత్రి దాన్ని చేతికి తొడుక్కునే పడుకుంది.

మర్నాడు సాయంత్రం నేను జేబురుమాలు ముడేసి పిచ్చుకమ్మను చేసుకుని పక్కన కూర్చున్నాను. కాకమ్మ, పిచ్చుకమ్మ కబుర్లు మొదలయ్యాయి. పురుగులెక్కడ దొరుకుతాయి, గూడెక్కడ కట్టాలి లాంటివి. మాటల్లో పెట్టి "కాకమ్మా కాకమ్మా, నువ్వు బడికి పోతావా?" అని అడిగాను.

"పోను" అంది కాకమ్మ.

"ఎందుకమ్మా?"

"అక్కడ తలుపు రాదు."

నా గుండె ఝల్లుమంది. వెంటనే బొమ్మ పక్కన పడేసి, దాని భుజాలు పట్టుకుని "ఏ తలుపే? ఎవరు వేశారే?" అని గట్టిగా అడిగేశాను. అంతే. కాకమ్మ చేతినుంచి జారిపోయింది. దాని నోరు మూతపడింది. అందివచ్చిన మాటను నా తొందరతో నేనే పోగొట్టుకున్నాను.

రెండు రోజులు ఆ ఊసెత్తలేదు. మూడోరోజు పిచ్చుకమ్మను మళ్లీ తీశాను. ఈసారి ఏమీ అడగలేదు. "మొన్న నేనో గూట్లో ఇరుక్కుపోయా కాకమ్మా, భలే భయమేసింది" అన్నాను. కాకమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత మెల్లిగా చెప్పింది. బడి బాత్రూములో గడియ బిగుసుకుపోయిందట. ఎంత లాగినా రాలేదట. లోపల చీకటిగా ఉందట. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక ఎప్పటికో ఆయమ్మ వచ్చి తీసిందట. అప్పటినుంచి కాకమ్మ ఆ గదిలోకి పోవట్లేదు. పోవాల్సి వస్తుందని నీళ్లు తాగట్లేదు.

పిచ్చుకమ్మ "అమ్మో, అయితే ఎవరికి చెప్దాం?" అంది. కాకమ్మ ఆలోచించి "అమ్మకి" అంది. అమ్మ ఎదురుగానే ఉంది. అయినా కాకమ్మ నా చెవి దగ్గరకొచ్చి మొదటినుంచి మళ్లీ చెప్పింది.

మర్నాడే బడికి వెళ్లి మాట్లాడాం. గడియ బాగుచేయించారు. చిన్నపిల్లలు వెళ్లినప్పుడు ఆయమ్మ బయట నిలబడేట్లు ఒప్పుకున్నారు. దాని భయం ఒక్కరోజులో పోయిందనను. మొదటి వారం నీళ్ల సీసా ముప్పావు వంతు వెనక్కి వచ్చింది. తర్వాత సగం. దసరా సెలవులయ్యాక మాత్రం ఖాళీ సీసా రావటం మొదలైంది. ఖాళీ సీసాను చూసి అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

బొమ్మకెందుకు చెబుతారు?

ఇందులో మాయేమీ లేదు. అయిదేళ్ల పిల్లకు భయం తెలుస్తుంది, దాన్ని చెప్పే మాటలు ఉండవు. చెబితే అమ్మ కొడుతుందేమో, నవ్వుతారేమోనని బెరుకు. బొమ్మ చేతికి తొడుక్కుంటే మాట్లాడేది తను కాదు, కాకమ్మ. తప్పయినా కాకమ్మదే. మనం కూడా మొహంలోకి గుచ్చి చూడం, బొమ్మవంక చూస్తాం. అంత చాటు దొరికితే చాలు, పిల్లలు మాట్లాడతారు.

మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2023 ఫిబ్రవరిలో విడుదలైన 'జాదుయీ పిటారా' పెట్టెలో ఆటవస్తువులు, పజిళ్లతోపాటు చేతిబొమ్మలకూ చోటిచ్చారు. 1979లో ఢిల్లీలో ఏర్పడిన సి.సి.ఆర్.టి. సంస్థ బొమ్మలాటతో పాఠం ఎలా చెప్పాలో టీచర్లకు శిక్షణ ఇస్తోంది. దీనికి హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఖర్చు లేని బొమ్మలు

అంగడి బొమ్మలు అక్కర్లేదు. ప్రపంచమంతా మెచ్చిన కెర్మిట్ అనే కప్పబొమ్మను అమెరికాలో జిమ్ హెన్సన్ 1955లో మొదటిసారి చేసినప్పుడు వాడింది వాళ్లమ్మ పాత కోటు. కళ్లకి సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతి. మన ఇళ్లలో పాత జాకెట్లు, శుభలేఖలు, చీపురుపుల్లలు ఉండనే ఉన్నాయి. మేం చేసి చూసినవి ఇవి.

వేలిబొమ్మ (మూడేళ్ల నుంచి): బొటనవేలి మీద కాటుకతో కళ్లు, కుంకుమతో నోరు దిద్దండి. జేబురుమాలు చుడితే చీర కట్టిన అమ్మాయి. రెండు వేళ్లయితే పెళ్లికొడుకు, పెళ్లికూతురు. అన్నం తిననని మారాం చేసే పిల్లకి ఈ వేలమ్మాయి ముద్ద పెడితే తింటుంది. కొంచెం పెద్ద పిల్లలకైతే వేరుశెనక్కాయ తొక్కను అడ్డంగా సగానికి విరిచి, వేలికొసకు టోపీలా తొడిగి మొహం గీయండి.

కవరుబొమ్మ (నాలుగేళ్ల నుంచి): పొడవాటి పోస్టు కవరు మూత అంటించేయండి. సగానికి మడవండి. మడత దగ్గర పై పొర ఒక్కటే కత్తిరించండి, కింది పొర తెగకూడదు. ఇప్పుడు వెనక్కి మడిస్తే రెండు జేబులు వస్తాయి. పై జేబులో నాలుగు వేళ్లు, కింది జేబులో బొటనవేలు పెడితే మడత నోరులా తెరుచుకుంటుంది. పచ్చరంగు వేస్తే చిలక, ఎర్ర నాలుక అంటిస్తే మొసలి.

మేజోడుబొమ్మ (అయిదేళ్ల నుంచి): వేళ్లు మేజోడు కొసదాకా పోనివ్వాలి. మడమ భాగం మన మణికట్టు పైకి వస్తుంది. నాలుగు వేళ్లకీ బొటనవేలికీ మధ్య బట్టను లోపలికి నొక్కితే నోరు. నోరు నిలవాలంటే కోడిగుడ్డు ఆకారంలో శుభలేఖ అట్ట కత్తిరించి, దానికి ఎర్ర గుడ్డ అంటించి, సగానికి మడిచి లోపల నాలుగు కుట్లు వేయాలి. కుట్టు మనం వేసిపెడితే చాలు. కళ్లు ఎక్కడ పెట్టాలో, మీసాలుండాలో వద్దో పిల్లలకే వదిలేయండి. మా ఊళ్లో పత్తికి కొదవలేదు కాబట్టి తలలో కాస్త దూది కూరుతాం. మొహం బొద్దుగా వస్తుంది.

జిగురు సంగతి: రెండు చెంచాల మైదాను గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా ఉడికిస్తే చాలు. పురుగు పట్టకుండా ఇదివరకు అందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం. చిన్నపిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు కనుక కలపొద్దు. ఏరోజు జిగురు ఆరోజు చేసుకోండి.

పంచె మీద లంకాదహనం

ఎండాకాలం రాత్రి కరెంటు పోయినప్పుడు అన్నిటికన్నా సరదా నీడబొమ్మలు. ఇది మాకు నేర్పింది మా అత్తయ్య. ఆవిడ చిన్నతనంలో ఊళ్లోకి తోలుబొమ్మలాట వస్తే అన్నాలు తిని చాపలు చంకన పెట్టుకుని వెళ్లేవారట. తెల్లవారుజాము దాకా రామాయణమే. "కేతిగాడు, బంగారక్క వచ్చినప్పుడు లేపమని చెప్పి మరీ పడుకునేవాళ్లం" అంటారు. నవ్వించటానికి మధ్యమధ్యలో వచ్చే పాత్రలవి. జుట్టుపోలిగాడూ ఆ గుంపులోవాడే.

ఆ ఆట మన తెలుగువాళ్లది. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమన ఆనాటి ఆటపాటలు చెబుతూ 'పండితారాధ్య చరిత్ర'లో బొమ్మలాటలనూ ప్రస్తావించాడు. మేకతోలును పలచగా, వెలుగు కనబడేంతగా శుభ్రం చేసి, బొమ్మ కత్తిరించి, నగలున్నచోట సన్నని చిల్లులు పొడిచి రంగులద్దుతారు. కాళ్లు, చేతులు విడివిడిగా చేసి కీళ్ల దగ్గర దారంతో ముడేస్తారు. ఆంధ్రా తోలుబొమ్మలు దాదాపు మనిషెత్తు ఉంటాయి. ఇంకో విశేషం, ఇది కుటుంబమంతా కలిసి ఆడే ఆట. సీత, మండోదరి, బంగారక్కల పాటలు, మాటలు ఆ ఇంటి ఆడవాళ్లవే.

మన నరసరావుపేట కూడా తోలుబొమ్మల పనికి పేరున్న ఊరే. అనంతపురం వైపు ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ చాలా కుటుంబాలు ఈ పని చేస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట చూసేవాళ్లు తగ్గాక ఆ చేతులే తోలు దీపపు గొట్టాలు, గోడ అలంకరణలు చేస్తూ కళను బతికించుకుంటున్నాయి. ఈసారి ఇంటికి దీపం కొనేటప్పుడు వాటిని గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో తోలు లేకపోతేనేం, శుభలేఖ అట్ట ఉంది. దాని మీద బొమ్మ గీసి కత్తిరించండి. పక్కనుంచి చూసినట్లు ముక్కు, గడ్డం తెలిసేలా గీస్తే నీడ బాగా పడుతుంది. ఎదురుగా గీస్తే వట్టి గుండ్రం కనిపిస్తుంది. దండ, కిరీటం ఉన్నచోట మేకుతో చిల్లులు పెడితే వెలుగు చుక్కలు మెరుస్తాయి. చెయ్యి విడిగా కత్తిరించి భుజం దగ్గర దారంతో వదులుగా ముడేయండి. ఒంటికొక చీపురుపుల్ల, చేతికొక చీపురుపుల్ల అంటించండి.

గుమ్మానికి తెల్ల పంచె ముడతల్లేకుండా కట్టి, వెనక టార్చి పెట్టండి. బొమ్మ గుడ్డకు ఆనితే నీడ స్పష్టంగా ఉంటుంది. టార్చి వైపు జరిపితే పెరుగుతుంది, అంచులు మసకబారతాయి. మా పెద్దాడు ఇది కనిపెట్టి హనుమంతుణ్ణి ఒక్క క్షణంలో కొండంత చేశాడు. "నీడ ఎందుకు పెరిగిందో చెప్పుకో" అంటే అప్పటికప్పుడు సైన్సు పాఠం కూడా అయింది. అట్ట నీడ నల్లగానే పడుతుంది. రంగు కావాలంటే తెల్ల కాగితం మీద రంగులు వేసి, పైన కొంచెం కొబ్బరినూనె రాసి ఆరనివ్వండి. కాగితంలోంచి వెలుగు వస్తుంది, రంగులు కనిపిస్తాయి. లంక తగలబడటానికి ఎర్ర గ్లాసు పేపరు టార్చికి అడ్డం పెడితే సరి.

కిరసనాయిలు దీపం, కొవ్వొత్తి మాత్రం వద్దే వద్దు. గుడ్డ, కాగితం, పిల్లలు ఉన్నచోట మంట ఉండకూడదు.

ఇవి గుర్తుంచుకోండి

* బొమ్మను మనం అందంగా చేసి ఇవ్వటం కన్నా పిల్లలు వంకరగా చేసుకోవటమే మంచిది. దిద్దకండి.

* మూడేళ్లలోపు పిల్లలుంటే గుండీలు, పూసలు, గింజలు, వేరుశెనక తొక్కలు వాడొద్దు. మింగితే ప్రమాదం. సూది, కత్తెర పనయ్యాక లెక్కపెట్టి దాచేయండి.

* మీ బొమ్మకీ ఒక భయమో, ఒక తప్పో ఉండాలి. "నువ్వు మంచి పిల్లలా అన్నం తినాలి" అని నీతులు చెప్పే బొమ్మతో పిల్లలు స్నేహం చేయరు.

* ఆటను పోలీసు విచారణ చేయకండి. ఒక ప్రశ్న అడిగి ఊరుకోండి. ఈరోజు కాకపోతే రేపు చెబుతారు.

* బొమ్మ చెప్పిన రహస్యాన్ని చుట్టాల ముందు చెప్పి నవ్వకండి. మళ్లీ బొమ్మ ముట్టుకోరు.

* ఎవరైనా కొట్టినట్టో, తాకరాని చోట తాకినట్టో బొమ్మ మాటల్లో వస్తే "ఆటలో అంది" అని కొట్టిపారేయొద్దు. కంగారు పడకుండా పూర్తిగా వినండి. "చెప్పి మంచిపని చేశావు, నీ తప్పేం లేదు" అనండి. 1098 పిల్లల సహాయ నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఒంట్లో బాగోకపోయినా, వారాల తరబడి పిల్ల దిగులుగా ఉన్నా బొమ్మలతో సరిపెట్టుకోక డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు మా ఇంట్లో ఒక చెప్పుల అట్టపెట్టె నిండా బొమ్మలున్నాయి. పక్కింటి పిల్లలు కూడా ఆదివారం వస్తారు. వాళ్లు తాటి టెంకలు తెస్తే మా అత్తయ్య ఆ పీచు దువ్వి, జడవేసి, ముసలమ్మను చేసి ఇస్తారు. తాటాకు బొమ్మల పెళ్లిళ్లు చేసుకున్న చేతులు కదా, ఇంకా మరిచిపోలేదు.

మొన్న బీరువా జరిపితే ఆ నల్ల మేజోడు రెండోది దొరికింది. "హమ్మయ్య, జత కుదిరింది, నాకిచ్చెయ్" అన్నాడు మా పెద్దాడు. మా చిన్నది దాన్ని లాక్కుని చేతికి తొడుక్కుంది.

"అది మేజోడు కాదు, కాకమ్మ చెల్లెలు. వచ్చే ఏడు దీన్ని కూడా బడిలో వెయ్యాలి" అంది.